లైన్‌లో నిలబడే కుర్రాళ్ల గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికన్ ఫుట్‌బాల్ గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఒక హైస్కూల్ జట్టులో ముందు వరుస కుర్రాళ్లకి కోచింగ్ ఇచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడు కొత్తపేటలో ఉంటున్నాను కాబట్టి గోదావరికి అటూ ఇటూ ఉన్నవాళ్ల ఉత్తరాలే ఎక్కువ. ఈసారి ఎక్కువమంది అడిగింది ఒకే విషయం: స్టంట్లు.

*మా మనవడు డాలస్ దగ్గర హైస్కూల్లో చదువుతున్నాడు. ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ గార్డ్ అట. మొన్న వీడియో కాల్‌లో మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "స్టంట్ వచ్చినప్పుడల్లా నా వల్లే క్వార్టర్‌బ్యాక్ పడిపోతున్నాడు అమ్మమ్మా, కోచ్ నామీదే అరుస్తున్నాడు" అన్నాడు. ఆ స్టంట్ ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వాణ్ని ఆట మానెయ్యమని చెప్పమంటారా?*
— ఒక అమ్మమ్మ, రాజోలు

మానెయ్యమని మాత్రం చెప్పకండమ్మా. ముందు మీ మనవడు చేసే పనేమిటో వినండి. బంతి చేతిలో ఉన్న జట్టు తరఫున ముందు వరుసలో ఐదుగురు నిలబడతారు. మధ్యలో సెంటర్, అతనికి అటొకడు ఇటొకడు గార్డులు, వాళ్లకి బయటి వైపు టాకిళ్లు. వెనకాల క్వార్టర్‌బ్యాక్ బంతి ఎవరికి విసరాలా అని చూస్తుంటాడు. అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. ఆ కాసేపూ ఎదుటివాళ్లు అతని మీద పడకుండా ఆపడమే ఈ ఐదుగురి పని. ఆట మొదలెడుతూ సెంటర్ వెనక్కి అందించడం తప్ప బంతి వాళ్ల చేతికి రాదు, పాయింట్లు వాళ్ల పేరు మీద పడేది చాలా అరుదు. టీవీలో వాళ్ల పేరు వినిపించేది ఎక్కువగా, ఎదుటివాణ్ని పట్టుకుని లాగినందుకు పది గజాల జరిమానా పడినప్పుడే. ఈ ఆటలో నాకు అందరికంటే ఇష్టమైనవాళ్లు వీళ్లే.

ఇక స్టంట్. మీ మనవడి ఎదురుగా వాళ్ల టాకిల్ ఉంటాడు (ఎదుటి జట్టు ముందు వరుసలో లోపలివాళ్లనీ టాకిళ్లనే అంటారు). ఇంకాస్త బయటగా, మన టాకిల్ ఎదురుగా వాళ్ల ఎండ్, అంటే ఆ వరుస చివరివాడు, ఉంటాడు. మామూలుగా అయితే ఎవరికి ఎదురుగా ఉన్నవాడు వాళ్ల మీదికి వస్తాడు. స్టంట్ వేసినప్పుడు ఆ ఇద్దరూ దారులు మార్చుకుంటారు. వాళ్ల టాకిల్ మీ వాణ్ని వదిలేసి, మీ వాడికీ మన టాకిల్‌కీ మధ్యనున్న సందులోకి ఏటవాలుగా దూసుకుపోతాడు. వాళ్ల ఎండ్ ముందు రెండడుగులు నేరుగా వచ్చినట్టు వచ్చి, తన తోటివాడి వెనకనుంచి చుట్టు తిరిగి లోపలికి వస్తాడు. మీ వాడు తన మనిషి వెంటపడి బయటికి పరిగెత్తాడో, అతను వదిలిన చోటే ఖాళీ. ఎండ్ అందులోంచి వెళ్లి క్వార్టర్‌బ్యాక్‌ని పడేస్తాడు. దీన్ని తిరగేసీ ఆడతారు: ఎండ్ ముందు లోపలికి దూసుకొస్తాడు, టాకిల్ చుట్టు తిరిగి బయటికి పోతాడు. మధ్యలో ఉండే ఇద్దరు టాకిళ్లు తమలో తాము మార్చుకునేది ఇంకొకటి.

ఇది ఇవాళ పుట్టిన ఎత్తు కాదు. 1960ల్లో లాస్ ఏంజిల్స్ రామ్స్ జట్టు ముందు వరుసలో డీకన్ జోన్స్, మెర్లిన్ ఓల్సెన్ పక్కపక్కనే ఆడేవాళ్లు. ఆ ఇద్దరూ కలిసి ఇలాగే ఎదుటివాళ్లని గందరగోళపెట్టేవారు. 2008 ఫిబ్రవరి 3న జరిగిన సూపర్‌బౌల్ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) సంగతి డాలస్‌లో మీవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అప్పటికి 18 ఆటలు వరసగా గెలిచి వచ్చిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ని న్యూయార్క్ జెయింట్స్ 17-14తో ఓడించారు. ఆ రోజు పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని ఐదుసార్లు పడగొట్టారు. బ్రేడీకి కాపలా కాసింది ఆ దేశంలోనే పేరున్న లైన్‌మెన్, అంటే ముందు వరుసవాళ్లు. అంతటివాళ్లకే ఉక్కిరిబిక్కిరి అయితే, పదహారేళ్ల కుర్రాడికి కాదా?

పైగా స్టంట్ దాటిపోయిందంటే ఆ తప్పు ఒక్కడిది కానే కాదు. వాళ్లు ఇద్దరు కలిసి వేసిన ఎత్తుని ఇటువైపు కూడా ఇద్దరు కలిసే ఆపాలి. కాబట్టి ఈసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు, కోచ్ ఏమన్నాడో అడగకండి. "నీ పక్కన నిలబడే అబ్బాయితో కలిసి ప్రాక్టీసు చేస్తున్నావా? ఆట మధ్యలో నోరు విప్పి మాట్లాడుకుంటున్నారా?" అని అడగండి. లేదంటే ఆ అబ్బాయిని ఒకరోజు ఇంటికి భోజనానికి పిలవమనండి. కింద భీమవరం కుర్రాడికి రాసిన జవాబుని కూడా వాడికి చదివి వినిపించండి.

*మాది భీమవరంలో ఇంజినీరింగ్ కాలేజీ. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఇష్టమున్న స్నేహితులం కలిసి జట్టు కట్టాం. సెకండ్‌హ్యాండ్ హెల్మెట్లు, ప్యాడ్లు సంపాదించుకున్నాం. హైదరాబాద్ వాళ్లతో ఆడితే వాళ్ల ఎండ్, టాకిల్ అడ్డంగా దారులు మార్చుకుని ప్రతిసారీ మా క్వార్టర్‌బ్యాక్‌ని పడేశారు. మా రైట్ గార్డ్ ఎప్పుడూ లేటు. వాణ్ని మార్చేద్దామా? కోచ్ లేడు, నేనే చూసుకుంటున్నాను. వీడియో వాట్సాప్ చేశాను.*
— థర్డ్ ఇయర్ విద్యార్థి

తమ్ముడూ, వీడియో చూశాను. మీ గార్డ్ లేటు కాదు. మొదటిసారి మీ వాడు పడిపోయిన చోట ఆపి చూడండి. బంతి కదలగానే మీ రైట్ టాకిల్ గబగబా మూడడుగులు వెనక్కి వెళ్లిపోయాడు. గార్డ్ మొదలెట్టిన చోటే ఉన్నాడు. ఇద్దరి మధ్యా గజంన్నర లోతు తేడా వచ్చేసింది. వాళ్ల టాకిల్ సరిగ్గా ఆ తేడాలోకే దూరాడు. మీ గార్డ్ అతని వెంట బయటికి, మీ టాకిల్ ఎండ్ వెంట లోపలికి బయల్దేరి ఒకళ్లనొకళ్లు గుద్దుకున్నారు. ఎండ్‌కి అడ్డే లేకుండా పోయింది.

స్టంట్‌ని ఆపడంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ లోతే. గార్డ్, టాకిల్ ఇద్దరూ ఒకే గీత మీద ఉంటే మనిషిని మార్చుకోవచ్చు. ఒకడు ముందూ ఒకడు వెనకా ఉంటే ఎంత బలమున్నా మార్చుకోలేరు. గార్డ్ మొదటి అడుగులోనే కాస్త వెనక్కి జరగాలి. స్టంట్ వస్తుందన్న అనుమానం ఉన్నప్పుడు టాకిల్ మరీ లోతుకి పోకూడదు. మా కుర్రాళ్లతో నేను చేయించిన పని ఒకటి చెప్తాను. ఇద్దరికీ ఒక తువ్వాలు ఇచ్చి చెరో కొస పట్టుకోమనేవాణ్ని. చప్పట్లు కొట్టగానే ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేసి ఆగాలి. తువ్వాలు గీతకి సమానంగా ఉందో, ఏటవాలుగా ఉందో వాళ్లకే కనపడుతుంది. నేల మీద సున్నంతో గజానికొక గీత గీస్తే ఇంకా మంచిది. విసుగ్గా ఉంటుంది, అయినా రోజూ చేయించండి.

తరవాత చూపు. గార్డ్‌కి స్టంట్ కబురు అందేది తన ఎదుటివాడి దగ్గర్నుంచే. అతను నేరుగా మీద పడకుండా ఒక్కసారిగా పక్కకి దూసుకుపోయాడంటే, ఆ ఖాళీలోకి ఇంకెవడో వస్తున్నాడని అర్థం. కాబట్టి వెళ్లేవాణ్ని చేత్తో తాకాలి, కళ్లు మాత్రం లోపలికి తిరగాలి. చేత్తో తాకకుండా కళ్లు తిప్పేస్తే అతను పూర్తి వేగంతో టాకిల్ మీద పడతాడు. కళ్లు తిప్పకుండా అతన్నే పట్టుకుని వేలాడితే ఎండ్ వచ్చేది చూడడు. మీ గార్డ్ ప్రతిసారీ రెండోది చేస్తున్నాడు. వాడికి పట్టుదల ఉంది, అదే ఇక్కడ వాడికి అడ్డమవుతోంది. ఇది సరిదిద్దగలిగేదే, వాణ్ని మార్చకండి.

టాకిల్ వైపు నుంచి చూస్తే, తన ఎండ్ మీద పడకుండా వెనక్కి తగ్గి ఇంకొకడి వీపు చాటుకి పోతున్నాడంటే అదే కబురు. అక్కడే బయటి కాలు నేలకి గట్టిగా ఆనించి ఆగిపోవాలి. తర్వాత లోపలి చెయ్యి చాచి, దూసుకొస్తున్న వాళ్ల టాకిల్ భుజం అందుకోవాలి. రెండో చెయ్యి వెంటనే కలపాలి. భుజాలు ఎదుటి గోల్ వైపే చూస్తుండాలి. నడుము తిప్పి పక్కకి తిరిగితే తలుపు తెరిచినట్టే.

అన్నిటికంటే ఎక్కువ సాధన కావాల్సింది అప్పగింతకి. గార్డ్ తన మనిషిని ఎప్పుడు వదలాలి? మీరు కనుమ రోజున కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లారో లేదో. గంగలకుర్రు ప్రభలు (దేవుణ్ని పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన కట్టడాలు) కౌశిక నది దాటేటప్పుడు చూడండి. మోసేవాడు అలిసిపోయి భుజం మార్చుకోవాలనుకుంటే, పక్కవాడు తన భుజం కింద పెట్టి బరువు అందుకున్నాకే మొదటివాడు పక్కకి తప్పుకుంటాడు. ముందే తప్పుకుంటే ప్రభ ఒరిగిపోతుంది. ఇక్కడా అంతే. మన టాకిల్ రెండు చేతులూ దూసుకొచ్చేవాడి మీద పడి, టాకిల్ నడుము అతనికి ఎదురుగా వచ్చేదాకా గార్డ్ అతన్ని బయటికి నెడుతూనే ఉండాలి. అప్పుడు మాత్రమే చెయ్యి తీసి లోపలికి రావాలి. చుట్టు తిరిగి వచ్చే ఎండ్‌కి దూరం ఎక్కువ కాబట్టి గార్డ్‌కి ఆ కాస్త టైమ్ ఉంటుంది. కంగారు పడేవాళ్లే చెడగొట్టుకుంటారు.

ఎండ్ ముందు దూసుకొచ్చే రకంలో ఈ పనులే అటుదిటు అవుతాయి. అక్కడ టాకిల్ ఎండ్‌ని లోపలికి నెట్టి గార్డ్‌కి అప్పగించి, మళ్లీ బయటికి రావాలి. నా దృష్టిలో ఇదే ఎక్కువ కష్టం, ఎందుకంటే టాకిల్ లోపలికి ఒక్క అడుగు ఎక్కువ వేసినా బయటికి చుట్టు తిరిగేవాణ్ని అందుకోలేడు. అందుకే మొదటి రకం బాగా వచ్చాకే ఇది మొదలెట్టండి.

మార్చుకోకూడని సందర్భమూ ఉంది. దూసుకొచ్చేవాడి భుజం మన గార్డ్ భుజాన్ని దాటిపోయిందంటే ఇక అప్పగింత లేదు. ఎవడి మనిషిని వాడే చివరిదాకా మొయ్యాలి. ఆలస్యంగా మార్చుకోవడం కన్నా అసలు మార్చుకోకపోవడం మేలు, ఎందుకంటే ఆలస్యమైతే ఇద్దరూ ఒకడి మీదే పడతారు.

ఇక నోటి మాట. "స్విచ్" అని మొదట చూసినవాడు అరవాలి, రెండోవాడు అదే మాట తిరిగి అనాలి. మీ వీడియోలో మీ లైన్ అంతా మౌనంగా ఉంది. కావాలంటే "మార్చు" అనుకోండి, ఏ మాటైనా పరవాలేదు, ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి. క్లాసులో బెంచీ మీద కూడా ఆ ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోమనండి.

ఇప్పుడు ప్రాక్టీసు. నలుగురు చాలు. ఇద్దరు ఆపేవాళ్లు, ఇద్దరు వచ్చేవాళ్లు. మీరు ఆపేవాళ్ల వెనకాల నిలబడి, వచ్చేవాళ్లకి మాత్రమే కనపడేలా వేళ్లతో సైగ చెయ్యండి. ఒక వేలు చూపిస్తే నేరుగా రావాలి, రెండైతే టాకిల్ ముందు, మూడైతే ఎండ్ ముందు. మొదటి వారం నడకే. హెల్మెట్లు వద్దు, పరుగు వద్దు, తోపులాట వద్దు. అడుగు ఎక్కడ పడింది, చెయ్యి ఎక్కడ ఉంది, కళ్లు ఎటు తిరిగాయి, ఇవే చూడండి. తరవాత సగం వేగం. పూర్తి వేగం వారానికి ఒకరోజు చాలు. నేరుగా వచ్చే ఒక వేలు సైగని ఎక్కువసార్లు కలుపుతుండండి. ఎప్పుడూ స్టంటే వస్తే కుర్రాళ్లు ముందే ఊహించి పక్కకి వాలిపోవడం మొదలెడతారు. అప్పుడు నేరుగా వచ్చినవాడే వాళ్లని దాటిపోతాడు.

ముందుగా కనపడే గుర్తులు కొన్ని ఉన్నాయి. మూడో డౌన్‌లో (పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇంకా చాలా గజాలు కావాల్సి ఉంటే అనుమానించాలి. చుట్టు తిరగబోయేవాడు బంతికి కాస్త ఎడంగా నిలబడతాడు, నేల మీద ఆనించిన చేతి మీద బరువు వెయ్యడు. దూసుకొచ్చేవాడు గీతని అంటిపెట్టుకుని, వేళ్ల కణుపులు తెల్లబడేంత బరువు వేసి ఉంటాడు. ఇవన్నీ నేర్పండి, కానీ ఆఖర్న నేర్పండి. తెలివైన జట్టు కావాలనే ఈ గుర్తులు చూపించి మోసం చేస్తుంది. లోతు, చూపు, చెయ్యి సరిగా ఉన్న కుర్రాడికి గుర్తు తప్పినా ఏమీ కాదు.

ఇంకో విషయం. మీరు ఐదుగుర్నీ ఎవడి మనిషిని వాడు చూసుకోమన్నట్టున్నారు. సెంటర్ ఎదుట ఎవరూ లేనప్పుడు అతన్నీ ఒక పక్కనున్న గార్డ్, టాకిల్‌నీ కలిపి ఒకే వైపు జరగమనండి. ఆ ముగ్గురికీ మనుషులు కాదు, సందులు పంచండి. "నీ సందులోకి ఎవడొస్తే వాడే నీవాడు" అంటే అటువైపు స్టంట్ సగం బలం పోతుంది. అప్పుడు మార్చుకునే బాధ రెండో వైపు ఇద్దరికే మిగులుతుంది. ఈ రెండో వైపు మీ మెరుగైన జోడీని పెట్టుకోండి.

వీడియో పక్కనుంచి మాత్రమే తీయకండి, అందులో లోతు తేడా తెలుస్తుంది గానీ సందులు కనపడవు. ట్రాక్టర్ ట్రక్కు మీద ఒకణ్ని ఎక్కించి క్వార్టర్‌బ్యాక్ వెనకనుంచి కూడా తీయించండి. చూసేటప్పుడు "ఎవడిది తప్పు?" అని అడగకండి. "ఇద్దరూ ఏం చూశారు?" అని అడగండి. తిట్లు తిన్న కుర్రాడు ఆ తర్వాత తన మనిషిని తప్ప ఎవర్నీ చూడడు. మీకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

*స్టంట్ అనేది బంతి విసిరే ఆటకేనా? బంతి పట్టుకుని పరుగెత్తే ఆటలో వస్తే?*
— తణుకు నుంచి ఒకరు

పరుగుకీ వస్తుంది. కానీ అప్పుడు మనమే ముందుకి వెళ్తుంటాం కాబట్టి భయం తక్కువ. లైన్ అంతా ఒకే వైపు ఒకే అడుగు వేసే జోన్ బ్లాకింగ్ నేర్చుకుంటే, ఎదురుగా ఎవడు దాటితే వాణ్ని తీసుకుంటూ పోవడమే. పైగా వాళ్లు దారి మార్చుకున్నప్పుడు వెనక ఒక ఖాళీ వదులుతారు. చూపున్న రన్నర్ అందులోంచే పోతాడు. మొదటి అడుగు పొట్టిగా ఉండాలి, అంతే.

*అమెరికాలో లైన్‌మెన్ ఒక్కొక్కరు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. మా ఊళ్లో గట్టి కుర్రాడంటే 75 కిలోలు. వీళ్లు లైన్‌లో పనికొస్తారా?*
— ఒక కబడ్డీ కోచ్, మండపేట

పనికొస్తారండీ. మీకు ఎదురయ్యేవాళ్లూ ఇంచుమించు అంతే బరువు కదా. స్టంట్లు ఆపడానికి బరువు కంటే కాళ్లు, పక్కవాడి మీద ధ్యాస ముఖ్యం. మీ దగ్గర కార్నర్, కవర్ ఆడేవాళ్లకి ఆ ధ్యాస ఇప్పటికే ఉంటుంది. పక్కవాడు ఎప్పుడు దూకుతాడో చూడకుండానే తెలుసు వాళ్లకి. లైన్‌కి కుర్రాళ్లని ఎంచమంటే నేను ముందు కబడ్డీ కోర్టుకే వెళ్తాను.

మాన్పించాల్సిన అలవాటు మాత్రం ఒకటుంది. మీ వాళ్లు పట్టుకుంటారు. ఇక్కడ పట్టుకోకూడదు, నెట్టాలి. 1978లో అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ లైన్‌మెన్‌కి చేతులు చాచి, అరచేతులు తెరిచి నెట్టే వీలిచ్చింది. అప్పట్నుంచి ఈ పనంతా చేతుల పనే. అరచేతులు ఎదుటివాడి ఛాతీ మీద, రెండు భుజాలకి లోపల పడాలి. వేళ్లు బట్టని బిగించి పక్కకి లాగితే పది గజాలు పోతాయి. చీలమండల మీదికి దూకడం పూర్తిగా మరిచిపోవాలి. దెబ్బలు తగిలేది అక్కడే.

ఖరీదైన ప్యాడ్లు కొనలేకపోతున్నామని ఇంకో ఉత్తరంలో రాశారు. గోనెసంచిలో కొబ్బరి పీచు కూరి, పైన పాత పరుపు గుడ్డ కుట్టించండి. కోనసీమలో పీచుకేం కరువు? వెనక చేతులు దూర్చడానికి రెండు తాళ్లు కుట్టిస్తే, వచ్చేవాడు దాన్ని ఛాతీకి ఆనించుకుని రావచ్చు, ఆపేవాడు అరచేతులు పెట్టే చోటు అలవాటు చేసుకోవచ్చు. తలతో గుద్దడం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకండి. హెల్మెట్ ఉన్నా సరే. ఎండాకాలం మన దగ్గర ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు, ప్యాడ్లతో ప్రాక్టీసు పొద్దున్నే ముగించండి.

*2028 ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టారట. మా హైస్కూల్ పిల్లలకి నేర్పుదామనుకుంటున్నాను. లైన్ పాఠాలతో మొదలెట్టనా?*
— ఒక పీఈటీ మాస్టారు, పెనుగొండ

వద్దు మాస్టారూ. 2023 అక్టోబరులో మన ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే ఆ ఆటని చేర్చారు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ పోటీలున్నాయి. కానీ అందులో జట్టుకి ఐదుగురే. మైదానం యాభై గజాల పొడవు, ఇరవై ఐదు గజాల వెడల్పు, అది కాక రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్ (బంతితో చేరితే పాయింట్లొచ్చే చోటు). ఎదుటివాణ్ని ఒంటితో అడ్డుకోవడానికే వీల్లేదు, కాబట్టి లైన్‌మెన్ పనే లేదు. క్వార్టర్‌బ్యాక్ మీదికి రావాలనుకున్నవాడు ఏడు గజాల వెనకనుంచి బయల్దేరాలి. నడుముకి కట్టిన గుడ్డ పీలిక లాగేస్తే ఆట ఆగిపోతుంది.

మీ పిల్లలకి ముందు బంతి పట్టడం, దిశ మార్చి పరిగెత్తడం నేర్పండి. ఆ పీలికల కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. మీ ఊరి దర్జీ దగ్గర రంగు గుడ్డ ముక్కలుంటాయి. మూరెడు పొడవు కత్తిరించి, ఒక కొసకి వెల్క్రో కుట్టించి బెల్టుకి అంటించండి. ముడి మాత్రం వెయ్యనివ్వకండి. లాగగానే ఊడి రాకపోతే పిల్ల కింద పడుతుంది.